ఇరాక్, లిబియా, నైజీరియా లాంటి చోట్ల డ్రైవింగ్ పనికి వెళ్తున్నారా? ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి

సెక్యూరిటీ డ్రైవింగ్ అని యూట్యూబ్‌లో కొట్టారంటే ముందు కనిపించేది జె-టర్న్, అంటే బండి స్పీడుగా రివర్స్‌లో వచ్చి గిర్రున తిరిగి ముందుకి దూసుకెళ్ళడం. చూడటానికి భలే ఉంటుంది, కోర్సులు అమ్మేవాళ్ళు కూడా ఆ వీడియోనే పెడతారు. కానీ మీరు ఆయిల్ కంపెనీ క్యాంపులో డ్రైవర్‌గా వెళ్తున్నా, సహాయ సంస్థలో (ఎన్జీవో) లాజిస్టిక్స్ చూస్తున్నా, సైట్ ఇంజనీర్ అయ్యుండి మీ బండి మీరే నడుపుకోవాల్సి వచ్చినా, మీకు పనికొచ్చేది చాలావరకు దాని ముందే అయిపోతుంది. కాబట్టి దాన్ని చివర్లో చూద్దాం, ముందు అసలు పని.

ముందుగా ఒక మాట. ఇది చదివి మెయిన్ రోడ్డు మీద ప్రయోగాలు చెయ్యకండి. కింద చెప్పే బ్రేక్, లేన్ డ్రిల్స్ అన్నీ ఖాళీ జాగాలో, ఓనర్ పర్మిషన్‌తో, పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని చెయ్యాలి. ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్లు బోలెడు ఉన్నాయి కదా, రోడ్లు వేసి వదిలేసినవి, అవి దీనికి సరిగ్గా సరిపోతాయి, గేదెలు రాకుండా చూసుకుంటే చాలు.

మొదటి మెట్టు: ఆ దేశంలో ఏ పక్క నడుపుతారు?

ఇది చిన్న విషయం అనుకుంటారు గానీ నా లెక్కలో మనోళ్ళకి ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం. కెన్యా, ఉగాండా, టాంజానియా, మొజాంబిక్, దక్షిణాఫ్రికా మనలాగే ఎడమ పక్క. గల్ఫ్ మొత్తం, ఇరాక్, లిబియా, నైజీరియా, కాంగో, దక్షిణ సూడాన్, అఫ్ఘానిస్తాన్ కుడి పక్క. మామూలుగా నడిపేటప్పుడు ఒక వారంలో అలవాటు అయిపోతుంది, గేర్ కుడి చేత్తో వెయ్యడం, ఇండికేటర్ అనుకుని వైపర్ కొట్టడం, ఇవన్నీ నవ్వుకునే విషయాలే. అసలు తేడా వచ్చేది భయం వేసినప్పుడు. ఎదురుగా లారీ మీ మీదకి వచ్చేస్తే మన చెయ్యి ఆలోచించకుండా స్టీరింగ్‌ని ఎడమకి లాగుతుంది, ఎందుకంటే ఇన్నేళ్ళూ మన రోడ్డు అంచు ఎడమ పక్కే ఉంది. అక్కడ ఎడమ పక్క ఎదురొచ్చే లేన్ ఉంటుంది. అంచు కుడి పక్కన.

అందుకే వెళ్ళకముందే నోటితో చెప్పుకుంటూ ప్రాక్టీస్ చెయ్యండి, "తప్పించాలంటే కుడికి, అంచు కుడికి" అని. దిగిన మొదటి రోజుల్లో క్యాంపు లోపల ఖాళీ చోట అదే డ్రిల్ బండితో చెయ్యండి. రౌండ్అబౌట్ కూడా అక్కడ గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది, మీరు ముందు చూడాల్సింది ఎడమ వైపు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు, ఏడాదే చెల్లుతుంది. చాలా దేశాల్లో రెసిడెన్సీ వచ్చాక లోకల్ లైసెన్స్ తీసుకోవాల్సిందే, ఆ ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులో ముందే రాయించుకోండి.

రెండో మెట్టు: కూర్చోవడం

వీపు సీటుకి పూర్తిగా ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద పడాలి. బ్రేక్ అడుగుదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిదింపావు చూపించినట్టు, అటొకటి ఇటొకటి. ఒక చెయ్యి కిటికీ మీద, ఒక చెయ్యి గేర్ రాడ్ మీద పెట్టి నడిపే స్టైల్ మనకి బాగా అలవాటు, అది మానెయ్యాలి. బెల్ట్ ఎప్పుడూ. కొంతమంది "దాడి జరిగితే తొందరగా దిగాలి కదా, బెల్ట్ ఎందుకు" అంటారు, అది తప్పు. ప్రమాదకరమైన దేశాల్లో కూడా పనిమీద తిరిగేవాళ్ళని ఎక్కువ భయపెట్టాల్సింది తుపాకీ కన్నా మామూలు రోడ్డు యాక్సిడెంటే, పైగా అక్కడ అంబులెన్స్ రాదు, ట్రామా సెంటర్ దగ్గర్లో ఉండదు. మన దేశంలోనే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, ఏ తుపాకీ లేకుండానే.

మూడో మెట్టు: కళ్ళు

దీన్ని ఇక్కడే, ఇవాళే మొదలుపెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. నడుపుతూ పైకి మాట్లాడాలి. విజయవాడ హైవే మీద వెళ్తున్నారు అనుకోండి, "ఎదర బస్సు స్లో అవుతోంది, ఎడమ పక్క ధాబా, ట్రాక్టర్ రోడ్డెక్కబోతోంది, వెనక తెల్ల స్విఫ్ట్ చాలాసేపటి నుంచి అదే దూరంలో ఉంది, డివైడర్ గ్యాప్ వస్తోంది, బైకు అడ్డం రావొచ్చు" ఇలా. పక్కన కూర్చున్నోళ్ళు పిచ్చెక్కిందా అంటారు, అననివ్వండి. పది పన్నెండు సెకన్ల తర్వాత మీరు ఎక్కడ ఉంటారో అక్కడిదాకా చూడాలి, ముందున్న బండి బంపర్ దగ్గర చూపు ఆగిపోకూడదు. కొన్ని వారాలు ఇలా చేస్తే తర్వాత నోరు మూసుకున్నా మనసులో అదే నడుస్తూ ఉంటుంది.

ఇది అలవాటైన మనిషికి ప్రమాదకరమైన ఏరియాలో ఇంకొకటి తెలుస్తుంది, అదేంటంటే ఉండాల్సింది లేకపోవడం. రోజూ ఈ టైంకి పిల్లలు ఆడుకునే చోట ఎవరూ లేరు, సంత రోజు అయినా షాపులు మూసేసున్నాయి, ఎదురుగా ఒక్క బండీ రావడం లేదు. అక్కడి వాళ్ళకి ఏదో ముందే తెలిసింది అన్నమాట. అలాంటప్పుడు ఆగి ఆలోచిద్దాం అనుకోకుండా, దూరం ఉండగానే మామూలుగా పక్క రోడ్డు పట్టుకుని వెనక్కి వచ్చెయ్యాలి. అందుకే మొదటి రోజు నుంచే ఆ ఊరు మామూలుగా ఎలా ఉంటుందో గమనించాలి, మామూలు తెలియకపోతే తేడా ఎలా తెలుస్తుంది.

నాలుగో మెట్టు: గ్యాప్

సిగ్నల్ దగ్గర గానీ ట్రాఫిక్‌లో గానీ ఆగేటప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీకు కనిపించాలి. అంత గ్యాప్ ఉంటే రివర్స్ వెయ్యకుండానే పక్కకి తిప్పుకుని బయటపడొచ్చు. ల్యాండ్ క్రూయిజర్ లాంటి పొడుగు బానెట్ బండికి ఇంకొంచెం ఎక్కువ వదలండి. హైదరాబాద్‌లో ఇంత గ్యాప్ వదిలితే రెండు బైకులు, ఒక ఆటో దూరతాయి నిజమే, దూరనివ్వండి, మళ్ళీ గ్యాప్ చెయ్యండి.

ఈ గ్యాప్ విలువ చరిత్రలో ఉంది. 1977 సెప్టెంబర్ 5న జర్మనీలోని కొలోన్‌లో హాన్స్ మార్టిన్ ష్లేయర్ అనే పారిశ్రామిక నాయకుడి కారుకి ఎదురుగా ఒక కారు అడ్డం వచ్చింది, డ్రైవర్ సడన్ బ్రేక్ కొట్టాడు, వెనకే వస్తున్న ఎస్కార్ట్ కారు వచ్చి గుద్దుకుంది, ఇంక కదలడానికి జాగా లేదు. డ్రైవర్, ముగ్గురు పోలీసులు అక్కడే చనిపోయారు, ఆయన్ని ఎత్తుకెళ్ళి తర్వాత చంపేశారు. మరుసటి ఏడాది మార్చి 16న రోమ్‌లో మాజీ ప్రధాని ఆల్డో మోరోకి దాదాపు అదే కథ, ముందు ఒక ఫియట్ ఆగింది, వెనక బండ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ఐదుగురు బాడీగార్డులు పోయారు. దీనికి పూర్తి వ్యతిరేకం చూస్తే, 1962 ఆగస్టు 22న పారిస్ దగ్గర అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ కారు మీద కాల్పులు జరిగాయి, టైర్లు పంక్చర్ అయ్యాయి, డ్రైవర్ మాత్రం ఆపకుండా తొక్కి బయటికి తెచ్చేశాడు. అక్కడ ముందు దారి ఖాళీగా ఉంది, కొలోన్‌లో, రోమ్‌లో లేదు, పెద్ద తేడా అదే.

ఐదో మెట్టు: బ్రేక్

ఇక వెంచర్‌కి పదండి. గంటకి 60లో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదకి రావడానికి సెకనున్నర పట్టినా, బ్రేక్ తగలకముందే 25 మీటర్లు అయిపోయాయి. స్పీడు డబుల్ అయితే బ్రేక్ పడ్డాక ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. ఈ లెక్క అందరికీ తెలుసు, కాలికి మాత్రం తెలీదు, అందుకే ప్రాక్టీస్.

ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ అవ్వకుండా చూసే సిస్టమ్) ఉన్న బండి అయితే 40లో వెళ్తూ ఒక గుర్తు దగ్గర బ్రేక్ మీద పూర్తి బలంతో తొక్కండి. పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంటుంది, గరగరమని చప్పుడు వస్తుంది, మొదటిసారి దాదాపు అందరూ ఏదో విరిగింది అనుకుని కాలు తీసేస్తారు. తియ్యకూడదు. బండి పూర్తిగా ఆగేదాకా అలాగే తొక్కి పట్టుకోవాలి, ఆ టైంలో స్టీరింగ్ పనిచేస్తుంది, అదే ఏబీఎస్ గొప్పతనం. ఇది భయం పోయేదాకా చేసి, తర్వాత బ్రేక్ తొక్కిపట్టి పక్కకి తిప్పడం చెయ్యండి. మట్టి మీద, కంకర మీద కూడా చేసి చూడండి, ఏబీఎస్ ఉన్నా కంకర మీద ఆగే దూరం పెరుగుతుంది, ఆఫ్రికాలో సగం రోడ్లు అవే. ఏబీఎస్ లేని పాత పికప్ ఇస్తే చక్రం లాక్ అయ్యే అంచుదాకా తొక్కి, లాక్ అయితే కొంచెం వదిలి మళ్ళీ తొక్కాలి.

ఆరో మెట్టు: పక్కకి తప్పించడం

ఖాళీ అట్టపెట్టెలు కిరాణా షాపులో అడిగితే ఇస్తారు. వాటితో ఒక లేన్ కట్టి, చివర ఒక అడ్డం గోడ పెట్టి, దానికి కుడి ఎడమల రెండు దారులు వదలండి. 30తో మొదలుపెట్టండి. పక్కన కూర్చున్న మనిషి చివరి క్షణంలో "కుడి" అనో "ఎడమ" అనో అరుస్తాడు, మీరు అటు తప్పించి మళ్ళీ మీ లేన్‌లోకి రావాలి. చూడాల్సింది పెట్టెలని కాదు, వెళ్ళాల్సిన ఖాళీని. కళ్ళు ఎటుంటే చేతులు అటే పోతాయి, పెట్టెని చూశారంటే పెట్టెనే గుద్దుతారు, కావాలంటే ట్రై చెయ్యండి. రెండోసారి తిప్పేటప్పుడు, అంటే వెనక్కి లేన్‌లోకి వచ్చేటప్పుడే బండి ఊగి అదుపు తప్పేది, అక్కడ స్టీరింగ్ మెత్తగా తిప్పాలి. ఎస్‌యూవీతో సొంతంగా 40 దాటించకండి, ఎత్తు బండి బోల్తా పడుతుంది. అంతకు మించి కావాలంటే ట్రైనర్ దగ్గరే.

ఆర్మర్డ్ బండి ఇస్తారు అంటే ఇదంతా మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే. మామూలు ల్యాండ్ క్రూయిజర్‌కి కవచం వేస్తే టన్నుకి పైగానే బరువు పెరుగుతుంది, ఆ బరువులో చాలాభాగం పైన, తలుపుల్లో, అద్దాల్లో ఉంటుంది. బ్రేక్ ఆలస్యం, మలుపులో ఊపు, తలుపు వేలి మీద పడితే వేలు పోవడమే. లోపల కూర్చుంటే ఏం కాదులే అనే ధైర్యం వస్తుంది చూశారా, అది మరీ డేంజర్.

ఏడో మెట్టు: రివర్స్

సినిమాల్లో చూపించరు గానీ నిజంగా ప్రాణం కాపాడేది తిన్నగా, స్పీడుగా, వంకర లేకుండా వెనక్కి రావడం. తల వెనక్కి తిప్పి, ఒక చెయ్యి పక్క సీటు మీద వేసి, వెనక అద్దంలోంచి దూరంగా ఒక గుర్తు పెట్టుకుని చూస్తూ రండి. రివర్స్‌లో స్టీరింగ్ కొంచెం తిప్పినా ముక్కు చాలా తిరుగుతుంది కాబట్టి వేళ్ళతో తిప్పినంత తిప్పాలి. వంద మీటర్లు అలా వచ్చి ఏ సందులోకో తిరిగి ముందుకి వెళ్ళిపోవడం వస్తే చాలు. సైడ్ మిర్రర్లు మాత్రమే చూసి కూడా చెయ్యడం నేర్చుకోండి, ఆర్మర్డ్ బండిలో, లోడ్ పికప్‌లో వెనక ఏమీ కనిపించదు.

ఎనిమిది: చెక్‌పోస్టు

దూరం నుంచే స్పీడు తగ్గించండి. రాత్రి అయితే హెడ్‌లైట్ డిమ్ చేసి లోపల లైట్ వెయ్యండి. కూలింగ్ గ్లాసులు తీసెయ్యండి, పాటలు ఆపండి, ఫోన్ కింద పెట్టండి, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా. కాగితాలు అడిగితే "డాష్‌బోర్డులో ఉన్నాయి, తీస్తున్నా" అని చెప్పి మెల్లిగా తియ్యాలి. చెక్‌పోస్టు కనిపించాక యూటర్న్ కొట్టడం, సడన్‌గా రివర్స్ వెయ్యడం చెయ్యకూడదు, కాల్చేస్తారు. అనుమానం ఉంటే ముందే, వాళ్ళకి కనపడకముందే ఆగాలి, అందుకే ఆ దారిలో అప్పుడే వచ్చిన లారీ డ్రైవర్లని అడిగి బయల్దేరాలి.

ఎవరి చెక్‌పోస్టు అనేదే అసలు ప్రశ్న. 2015 జూలైలో లిబియాలో సిర్తే యూనివర్సిటీలో పనిచేసే నలుగురు భారతీయులు ఇంటికి రావడానికి ట్రిపోలీ వైపు బయల్దేరితే దారిలో చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. కర్ణాటక వాళ్ళిద్దరినీ రెండ్రోజుల్లో వదిలేశారు, మన తెలుగువాళ్ళిద్దరూ బయటపడేసరికి 2016 సెప్టెంబర్ అయింది. అక్కడ ఏ డ్రైవింగ్ నైపుణ్యమూ పనికిరాదు, ఆ రోజు ఆ రోడ్డు ఎవరి చేతిలో ఉంది అన్న సమాచారమే పనికొస్తుంది.

తొమ్మిది: టైము, దారి

ష్లేయర్, మోరో ఇద్దరూ రోజువారీ దారిలోనే దొరికిపోయారు. మన అలిపిరి కూడా అంతే, 2003 అక్టోబర్ 1న ముఖ్యమంత్రి చంద్రబాబు బ్రహ్మోత్సవాలకి పట్టువస్త్రాలు తీసుకుని కొండెక్కుతున్నప్పుడు క్లెమోర్ మైన్లు పేల్చారు, బ్రహ్మోత్సవాలు ఎప్పుడో, కొండకి దారేదో రాష్ట్రం మొత్తానికి తెలుసు. బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్‌లో ఉండబట్టి గాయాలతో బయటపడ్డారు.

మీరు సీఎం కాదు, నిజమే, కానీ జీతాల డబ్బు తెచ్చే బండి ఏ రోజు వస్తుందో క్యాంపు బయట టీ కొట్టువాడికి తెలుసు. బయల్దేరే టైము అరగంట అటూ ఇటూ మార్చండి, రెండు మూడు దారులు తిరిగి చూసుకోండి. ఎన్ని దారులు మార్చినా గేటు ఒక్కటే కాబట్టి ఇంటి దగ్గర, ఆఫీసు దగ్గర చివరి రెండు వందల మీటర్లలోనే ఎక్కువ జాగ్రత్త. దక్షిణాఫ్రికాలో కార్ హైజాకింగ్‌లు ఇంటి గేటు ముందు, తెరుచుకునేదాకా ఆగినప్పుడు చాలా జరుగుతాయి. వెనక బండి ఫాలో అవుతుందేమో అనిపిస్తే రౌండ్అబౌట్ పూర్తిగా ఒక చుట్టు చుట్టండి, అయినా వెనకే ఉంటే ఇంటికి వెళ్ళకండి, పోలీస్ స్టేషన్‌కో పెద్ద హోటల్‌కో వెళ్ళండి. పార్కింగ్ ఎప్పుడూ ముక్కు బయటికి. ట్యాంక్ సగం కన్నా తగ్గనివ్వకండి.

నిజంగా జరిగితే

ముందు దారి ఖాళీగా ఉంటే తొక్కండి, ఆగకండి, టైరు పోయినా సరే, రిమ్ మీద అయినా కొంతదూరం పోతుంది. ముందు మూసుకుపోయి వెనక ఖాళీ ఉంటే రివర్స్. రెండూ లేకపోతే కాల్పులు వస్తున్న వైపు కాకుండా రెండో వైపు దిగి, ఇంజన్ భాగం అడ్డం పెట్టుకుని, అక్కడినుంచి గట్టి గోడ వెనక్కి. తలుపు రేకు తూటాని ఆపదు. అడ్డం పెట్టిన బండిని గుద్దుకుని పోవడం కోర్సులో నేర్పిస్తారు, తక్కువ స్పీడులో, చక్రం ఇరుసు ఉన్న చోట గుద్ది యాక్సిలరేటర్ వదలకుండా తోసెయ్యడం. ఎయిర్‌బ్యాగ్ పేలి ఇంజన్ ఆగిపోతే మీరు ఇంకా ఘోరంగా ఇరుక్కుంటారు కాబట్టి నేర్పించే మనిషి లేకుండా దాని జోలికి వెళ్ళొద్దు.

బండి కోసం తుపాకీ చూపిస్తే ఇచ్చెయ్యండి. చేతులు పైకి, "బెల్ట్ తీస్తున్నా" అని చెప్పి తియ్యండి, మొహంలోకి గుచ్చిగుచ్చి చూడకండి, వెనక సీట్లో మనిషి ఉంటే ఆ మాట వెంటనే చెప్పండి. బండి కంపెనీది, ఇన్సూరెన్స్ ఉంటుంది.

ఇప్పుడు కోర్సు, జె-టర్న్

జె-టర్న్ నేర్చుకోండి, సరదాగా ఉంటుంది, కాన్ఫిడెన్స్ వస్తుంది. కానీ దానికి వెడల్పు రోడ్డు కావాలి, తక్కువ ఎత్తు కారు కావాలి, ఇప్పటి బండ్లలో స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా తనంతట తానే బ్రేక్ వేసే సిస్టమ్) దాన్ని అడ్డుకుంటుంది, ఎత్తు ఎస్‌యూవీ పల్టీ కొడుతుంది. కోర్సు వాళ్ళు ఫోన్ ఎత్తగానే ఇవి అడగండి: ఒక్కొక్కరికి స్టీరింగ్ మీద ఎన్ని గంటలు, ఒక బండికి ఎంతమంది, నేను నడపబోయే రకం బండి ఉందా, ఎడమ సీటు స్టీరింగ్ బండి ఉందా, బ్రేక్ డ్రిల్, లేన్ డ్రిల్ ఎంతసేపు. క్లాసురూమ్‌లో స్లైడ్లే ఎక్కువ అయితే డబ్బులు దండగ. బేసిక్స్‌కి మన దగ్గర రాజన్న సిరిసిల్ల జిల్లాలో డ్రైవింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హెవీ నేర్చుకుని గల్ఫ్ వెళ్ళాలి అనుకునే కరీంనగర్ వైపు వాళ్ళకి అది దగ్గర. ఐక్యరాజ్యసమితి వాళ్ళ బీసేఫ్ అనే ఆన్‌లైన్ కోర్సు ఫ్రీ, కంప్యూటర్ ముందు కూర్చుని చెయ్యొచ్చు. దానితోపాటు రెడ్‌క్రాస్ ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ కచ్చితంగా చెయ్యండి, రక్తం ఆపడానికి టోర్నికే (చెయ్యికో కాలికో బిగించే పట్టీ) కట్టడం చేత్తో చేసి నేర్చుకోవాలి, ఒకటి డోర్ పాకెట్లో చేతికందేలా ఉండాలి.

బయల్దేరేముందు రోజూ: టైర్లు, స్పేర్‌తో సహా (పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, 3219 అంటే 2019లో 32వ వారం తయారైనది, మరీ పాతవైతే మార్చమనండి), జాకీ, నీళ్ళు, ఛార్జర్. ఏ దారిలో వెళ్తున్నారు, ఎన్నింటికి చేరాలి, చేరకపోతే ఎంతసేపు చూసి ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి క్యాంపులో ఒకరి చేతిలో కాగితం మీద ఉండాలి.

ఇక కాంట్రాక్టు సంతకం పెట్టేటప్పుడు రెండు అడగండి. యుద్ధం, దాడి వల్ల చనిపోయినా గాయపడినా ఇన్సూరెన్స్ ఇస్తుందా, ఎందుకంటే చాలా పాలసీల్లో అదే మినహాయింపు. రోడ్డు బాగోలేదు ఇవాళ వెళ్ళను అని డ్రైవర్ అంటే జీతం కోస్తారా, ఉద్యోగం తీసేస్తారా. దీనికి నోటిమాటగా "అలాంటిదేం లేదు భయ్యా" అంటే ఒప్పుకోకండి, ఈమెయిల్లో రాసి పంపమనండి.